కార్తీకం చేసిన ఎలుకలు

మా ఎలుకల గది మావయ్య ఆదివారం తెల్లవారాక పోయాడని ఫోనులో చెప్పారు. ఏడుపు రావలసిన చోట నాకు ముందు నవ్వొచ్చింది. శనివారం దాటేదాకా ఆగే ఉంటాడు అనుకున్నాను. వారాన్ని అంత గట్టిగా పట్టుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ పట్టు వల్లనే ఒకప్పుడు నా పీహెచ్‌డీ మునిగిపోబోయింది, ఆయన ఉద్యోగం ఊడిపోబోయింది. ఇప్పుడు నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు జీవరసాయనం చెబుతున్నాను. కాలేయం పాఠం వచ్చినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు గాని పిల్లలకు మాత్రం చెప్పను. చెబితే పరీక్షలో రాసేస్తారు.

శ్రీకాకుళం పక్కన ఒక కాలేజీలో నేను పరిశోధన చేసిన రోజుల మాట ఇది. అక్కడ ఎలుకల గది ఆయన రాజ్యం. కాగితాల మీద మాత్రం అటెండరు, అదీ కాంట్రాక్టుది. పైవాళ్ళు ఒక్క మాట అంటే మర్నాటినుంచి రానక్కర్లేని ఉద్యోగం. ఊరు పొందూరు దగ్గర. వయసు యాభై ఎనిమిదని ఆయన అనేవాడు, అరవై దాటి చాలా కాలమైందని మేము అనుకునేవాళ్ళం. భుజం మీద ఎప్పుడూ ఒక నేత తువ్వాలు ఉండేది. దాంతో మొహం తుడుచుకునేవాడు, ఎలుకల బోన్లు తుడిచేవాడు, ఆ తర్వాత మా గైడు గారి కుర్చీ దులిపేవాడు. ఈ వరస గైడు గారికి తెలియదు. కాలేజీలో అందరూ ఆయన్ని మావా అనేవారు, నేను మావయ్యా అనేదాన్ని.

నా పరిశోధన ఏమిటో మా ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి నేను చాలా సిగ్గుపడ్డాను. క్లుప్తంగా చెబితే ఎలుక పెంటికలు. కాస్త గౌరవంగా చెబితే ఇలా ఉంటుంది. కాలేయం కొలెస్ట్రాల్‌నే ముడిసరుకుగా వాడుకుని పైత్యరసంలో ఉండే ఆమ్లాలు తయారుచేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి అవి కావాలి. తిండిలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే ఎలుక కాలేయం గాభరా పడదు, ఆ వచ్చినదాన్ని ఇంకా ఎక్కువ పైత్యామ్లాలుగా మార్చి పెంటికలతో పాటు బయటికి తోసేస్తుంది. ఎంత తింటే ఎంత తోస్తుంది, ఎన్నాళ్ళకు తోస్తుంది అన్నది నేను తేల్చాలి. పన్నెండు ఎలుకలు. ఆరింటికి దాణాలో ఉడికించిన గుడ్డు పచ్చసొన కలిపి పెట్టాలి, ఆరింటికి ఒట్టి దాణా. పెట్టేది ఆయన, పొద్దున్న ఆరింటికి. పెంటికలు ఏరి, ఎండబెట్టి, తూచి, కొలిచేది నేను, పదింటికి వచ్చి.

గుడ్లు ఆయనే ఉడికించేవాడు. పచ్చసొన ఎలుకలకు పోగా మిగిలిన తెల్లసొన ఉల్లిపాయలతో వేయించుకుని మధ్యాహ్నం అన్నంలోకి తెచ్చుకునేవాడు. అది శాస్త్రానికి పనికిరానిదే కదమ్మా అని నన్ను ముందే ఒప్పించాడు.

ఎలుకలన్నింటికీ వరసలు కలిపాడు. మొదటి బోనులోది బావ. మూడో బోనులోది మరిది. ఒట్టి దాణా వరసలో ఒక బక్క ఎలుక ఉండేది, అది వియ్యంకుడు. వియ్యంకుడు అలిగాడని వచ్చి చెప్పాడంటే ఆ ఎలుక తిండి ముట్టలేదని నేను రాసుకోవాలి. ఒకే గదిలో ఆరుగురికి గుడ్డేసి ఆరుగురికి ఒట్టి దాణా వేయడం ఆయనకు మొదటినుంచీ నచ్చలేదు. ఇంత పంక్తిభేదం ఏ పెళ్ళిలోనూ చూడలేదన్నాడు. రెండో వరసకు వడ్డించేటప్పుడు మాత్రం వంగి, మీ నుదుట ఇంతే రాసుందర్రా అని బుజ్జగించడం నేను చాలాసార్లు విన్నాను.

మా గైడు గారు ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. ఎలుకకు నంబరు తప్ప పేరు ఉండకూడదు. నవ్వు ఆయన గదిలోకి అనుమతి తీసుకుని రావాలి. గ్రాఫు వంకర తిరిగితే విద్యార్థి బుద్ధి వంకర తిరిగినట్టే లెక్క. అప్పటికి ఇద్దరు అటెండర్లను ఒక్కొక్క మాటతో ఇంటికి పంపినవాడు.

మొదటి మూడు వారాలు నా గ్రాఫు వంకర తిరిగింది.

గుడ్డు తిన్న ఎలుకల్లో పైత్యామ్లాలు పెరుగుతున్నాయి, బాగుంది. కానీ ప్రతి ఆదివారం గీత కిందికి దిగుతోంది. సోమవారం కాస్త లేస్తోంది, మంగళవారానికి మళ్ళీ తన చోటికి వస్తోంది. రంపం పళ్ళలా ఉంది చూడటానికి. ఆదివారం కరెంటు కోత వల్ల నమూనాలు పాడవుతున్నాయేమో అనుకున్నాను. రసాయనాలు మార్చాను. గాజుసామాను రెండుసార్లు కడిగాను. త్రాసును అనుమానించాను, చివరికి నా చేతుల్ని అనుమానించాను. అంతలో దీపావళి వెళ్ళిపోయింది, ఆ మరుసటి రోజు నుంచి గీత దిగడం మొదలుపెట్టి మళ్ళీ లేవలేదు. వారం తిరిగేసరికి గుడ్డు తిన్న వరసకూ తినని వరసకూ తేడా లేకుండా పోయింది. గైడు గారు వచ్చే నెల గ్రాఫు చూస్తానన్నారు. నాకు అన్నం సహించలేదు.

పది రోజులు ఓర్చుకుని ఒకనాడు పొద్దున్నే ఆరింటికి వెళ్ళాను. గదిలో అగరుబత్తి వాసన. ఆయన తలస్నానం చేసి, తడి జుట్టుతో, బోన్ల ముందు నిలబడి దాణా వేస్తున్నాడు. పన్నెండు గిన్నెల్లోనూ ఒట్టి దాణా. పసుపు రంగు ఎక్కడా లేదు.

కోపంలో నా పాతపట్నం భాష బయటికొచ్చింది. "ఏటి మావయ్యా ఇది? గుడ్డేదీ?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "కార్తీకమాసం కదేటమ్మా."

నీసు అంటే మా వైపు మాంసం, చేప, గుడ్డు, అన్నీ. కార్తీకంలో చాలా ఇళ్ళల్లో నెల్లాళ్ళూ నీసు ముట్టరు. మామూలు రోజుల్లో శనివారం ముట్టరు. అది మనుషుల సంగతి అని నేను అనుకున్నాను. ఆయన ఎలుకలను మనుషుల్లో కలిపేశాడు. శనివారం గుడ్లు ఎవరు తింటున్నారని అడిగితే వాచ్‌మన్ తింటున్నాడని, ఆడికి వారాల పట్టింపు లేదని చెప్పాడు. మూడు వారాల రంపం పళ్ళు నా కళ్ళముందు టకటకా వరసలో నిలబడ్డాయి.

నేను ఆ పూట ఆయన్ని చాలా మాటలన్నాను. నా నెల పైచిలుకు పని నాశనం చేశావన్నాను, నా డిగ్రీ పోతుందన్నాను. సారుకు తెలిస్తే నువ్వు రేపు ఈ గేటులో ఉండవన్నాను. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వడగనేదు కదమ్మా" అన్నాడు.

అది అబద్ధం కాదు. రోజూ పదింటికి వచ్చి ఖాళీ గిన్నెలు చూసి, తిన్నాయి కదా అని రాసుకున్నదాన్ని. ఏం తిన్నాయని ఒక్కనాడూ అడగలేదు.

నువ్వే పెట్టుకో అమ్మా, నేను వద్దనను, నా చేత్తో మాత్రం పెట్టలేను అని ఆయన పక్కకు తప్పుకున్నాడు. పోయి గుడ్లు ఉడికించుకొచ్చాను. పచ్చసొన దాణాలో కలిపి మొదటి బోను తెరవబోయాను. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పుడు నిజాయితీగా ఆలోచించలేదు. సగం నెల పోనే పోయింది, మిగతా సగం కూడా మాన్పించి చూస్తే, కొలెస్ట్రాల్ ఆగినప్పుడు కాలేయం ఎలా వెనక్కి తగ్గుతుందో తెలుస్తుంది కదా అనుకున్నాను. నా చేతకానితనానికి శాస్త్రీయ దృక్పథం అని పేరు పెట్టుకున్నాను. ఆ గుడ్లు కూడా వాచ్‌మన్‌కే వెళ్ళాయి.

పోలి పాడ్యమి నాటికి కార్తీకం వెళ్ళిపోయింది. ఆ పొద్దున్న నేను ఆరింటికే వెళ్ళాను. ఆయన చెరువులో దీపాలు వదిలేసి నేరుగా వచ్చాడు. గిన్నెలు నిండుగా పసుపు.

"తినండర్రా, మాసం ఎల్లిపోనాది" అన్నాడు. అవి కలబడి తిన్నాయి. మూడు నాలుగు రోజుల్లో గీత మళ్ళీ లేచింది, వారానికి పాత ఎత్తుకు చేరింది. అంత ముచ్చటైన గీత నా జీవితంలో గీయలేదు.

ప్రయోగం చివర కాలేయాలు పరీక్షించాలి. అంటే ఎలుకలు బతికి ఉండవు. మందిచ్చి నిద్రపుచ్చి, నా చేత్తోనే చేశాను. ఆ రోజు ఆయన గదిలోకి రాలేదు. మధ్యాహ్నం కొళాయి దగ్గర తల మీద నీళ్ళు పోసుకుని, క్యారేజీ విప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. వంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అప్పుడూ నేను అడగలేదు.

గైడు గారికి గ్రాఫు చూపించినప్పుడు అబద్ధమాడాను. గుడ్డు ఆపితే ఏమవుతుందో చూద్దామని నేనే మధ్యలో నెల్లాళ్ళు ఆపించానన్నాను. నిజం చెబితే మావయ్య ఉద్యోగం ఉండదు, నా మూడు నెలల పని చెత్తబుట్టలో పడుతుంది. గైడు గారు అద్దాలు పైకి నెట్టి, అడిగి చేయవలసింది అన్నారు, తర్వాత బాగానే ఉంది అన్నారు. మొదటి వారాల రంపం పళ్ళు ఆయన గమనించలేదు. నేను వేలుపెట్టి చూపించలేదు.

ఇక్కడ ఇంకో ముచ్చట చెప్పాలి. థీసిస్ రాస్తున్న రోజుల్లో కాలేజీలో ఆరోగ్య శిబిరం పెట్టి అందరికీ రక్తపరీక్షలు చేశారు. మావయ్యకు కొలెస్ట్రాల్ ఎక్కువ అని తేలింది. కుర్ర డాక్టరు పచ్చసొన తగ్గించమన్నాడు. మావయ్య ఆ డాక్టరుకు అరగంట పాఠం చెప్పాడట. ఎంత పచ్చసొన తిన్నా కాలేయం పైత్యంగా మార్చి తోసేస్తుందని, పన్నెండుగురి మీద రుజువైందని, కావాలంటే మా పాపనడగమని. ఆ డాక్టరు నిజంగానే నా దగ్గరికి వచ్చి అడిగాడు.

విచారిస్తే తేలిందేమిటంటే, మా గ్రాఫు లేచిన నాటినుంచి ఆయన తెల్లసొనతో సరిపెట్టుకోవడం మానేశాడు. నీసు రోజుల్లో ఇంట్లో రోజుకు రెండు గుడ్లు, పచ్చసొనతో సహా. నా పరిశోధనను నమ్మి ఆచరించిన ఏకైక మనిషి ఆయనే.

కూర్చోబెట్టి చెప్పాను. మావయ్యా, మన కాలేయం ఎలుక కాలేయంలా చేయదు. తిండిలో కొలెస్ట్రాల్ పెరిగినా మనలో పైత్యామ్లాల తయారీ పెద్దగా పెరగదు. మన ఒళ్ళు వేరే దారులు చూసుకుంటుంది, పేగులోంచి తక్కువ లాక్కుంటుంది, తాను చేసుకునేది తగ్గించుకుంటుంది. ఆ సర్దుబాటు కొందరికి బాగా కుదురుతుంది, కొందరికి కుదరదు, రక్తంలో పెరుగుతుంది. నీకు కుదిరినట్టు లేదు.

ఆయన కొత్తగా వచ్చిన ఎలుకల బోన్లవైపు ఈర్ష్యగా చూశాడు.

"అంత పిసరు ఎలక్కున్న గేనం మన కాలేయానికి నేదేటమ్మా?"

లేదు అన్నాను. అయితే మరి ఎలుకల మీద చేసి మనుషులకు డిగ్రీలెందుకు ఇస్తున్నారని అడిగాడు.  గుడ్లు మాత్రం మానేశాడు. ఆ తర్వాత ఎవరైనా పని చెడగొడితే ఎలకైతే ఈ పాటికి నేర్చుకునేది అనడం మొదలుపెట్టాడు. ఒకసారి గైడు గారి గురించి కూడా అన్నాడు, ఆయన వినలేదు.

వైవా శ్రావణంలో జరిగింది. పరీక్షించడానికి గోదావరి అవతలినుంచి ఒక పెద్దాయన వచ్చారు. మెల్లగా మాట్లాడే మనిషి. థీసిస్‌లో పేజీ పేజీకీ కాగితం ముక్కలు పెట్టుకుని వచ్చారు. కార్తీకం గ్రాఫు దగ్గర ఆగి, మధ్యలో నెల రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టడం చాలా చక్కని ఆలోచన, ఎవరిది అన్నారు.

"నాదే" అన్నారు మా గైడు గారు.

నేను నోరు వెళ్ళబెట్టాను. సరిగ్గా అప్పుడే మావయ్య టీ ట్రే పట్టుకుని లోపలికి వచ్చాడు.

పెద్దాయన తల ఊపి, వెనక్కి రెండు పేజీలు తిప్పారు. మరి మొదటి వారాల్లో ప్రతి ఏడు రోజులకూ ఒకసారి గీత దిగుతోంది, అప్పుడు కూడా ఆపారా, ఎందుకు ఆపారు అని అడిగారు. గైడు గారు మొదటిసారి ఆ పళ్ళను చూశారు. నావైపు తిరిగారు. హాలులో ముప్పైమంది ఉన్నారు. తిండి మీద అదుపులేని ప్రయోగమని తేలితే థీసిస్ వెనక్కి వెళుతుంది. నిజం చెబితే ట్రే పట్టుకున్న మనిషి ఇంటికి వెళతాడు. కరెంటు కోత అందామని నోరు తెరిచాను.

ట్రే బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఆయమ్మనడక్కండి బాబూ. గుడ్డు మాన్పించింది నాను. శనోరాలూ నానే, కార్తీకమూ నానే. సారుకి తెల్దు. ఈ పాప తిట్టింది గాని నా మాట కాదన్నేకపోనాది."

హాలంతా నవ్వింది. గైడు గారి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నీసు తినకపోవడం మీ నియమం కదా, ఎలుకలకు ఎందుకు పెట్టారు అని నెమ్మదిగా అడిగారు.

మావయ్య తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆకర్న మనమే సంపేస్తాం కదండి ఆటిని. ఆటికా సంగతి తెల్దు, నాకు తెలుసు. రోజూ పెట్టేది నాను, ఎదురు సూసేవి అవి. పోయేముందు ఓ కార్తీకం సేసి పోతే, పోయినకాడ కాస్త బాగుంటాదని. ఆటి తరపున సేసీవోలు ఇంకెవురున్నారండి?"

నవ్వు ఆగిపోయింది. ఆ పన్నెండింటినీ నా చేత్తో చంపాను నేను. వాటి కాలేయాల లెక్కలన్నీ సరిగ్గా చూసుకున్నాను. అవి పోతాయని తెలిసిన మనిషి రోజూ పొద్దున్న ఆరింటికి ఏ మనసుతో గిన్నెలు నింపాడో నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఏడుపొచ్చింది, ముప్పైమంది ముందు ఏడ్చాను. సిగ్గుపడలేదు.

పెద్దాయన నావైపు తిరిగి అడిగారు, నీకు ఎప్పుడు తెలిసింది అని. సగం కార్తీకంలో అన్నాను. ఏ రోజు పెట్టారో, ఏ రోజు పెట్టలేదో ఖాయంగా తెలుసా అంటే, ఆయన నియమం తప్పడు కాబట్టి పంచాంగం చూస్తే చాలు అన్నాను. అయితే జరిగింది జరిగినట్టు రాసివ్వండి, ఈ పేజీలు మార్చి పంపితే సంతకం పెడతాను, ఆలోచన ఎవరిదో కూడా రాయండి అన్నారు. గైడు గారు టీ తాగలేదు.

నా డిగ్రీ అలా గట్టెక్కింది. మావయ్య ఉద్యోగం గట్టెక్కదనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న పదింటికి గైడు గారు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేశారు. నేను వరండాలో నిలబడ్డాను. నా వల్లనే అని చెబుదామని రెండుసార్లు తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇక ఈయన మొహం ఎలా చూడను, ఆ ఎలుకలకు రేపు పొద్దున్న ఎవరు పెడతారు అని పిచ్చి ఆలోచనలు.

పావుగంట తర్వాత బయటికొచ్చాడు. మొహం తుడుచుకుంటున్నాడు. సారు ఏమన్నారు మావయ్యా అని నేను అడగకముందే ఆయనే చెప్పాడు.

"ఏటీ అన్నేదమ్మా. కొత్త ఎలకల్ని తెప్పిస్తన్నాడంట. ఈ ఏడు కార్తీకం ఎప్పుడొస్తాదో సూసి సెప్పమన్నాడు."